పదహారో, ఇరవయ్యో

జనవరి 12

చెల్లెలు ఈ పుస్తకం కొని తెచ్చింది. "నోట్లోంచి మాట ఊడిపడదు కదా అన్నయ్యా, చేత్తో అయినా రాసుకో. అన్నీ లోపల కుక్కుకుంటే ఏదో ఒకరోజు పేలిపోతావు," అంది. మా అమ్మ ఇద్దరికీ పంచాల్సిన మాటలన్నీ దానికే పెట్టేసినట్టుంది.

ఏం రాయాలి. మందు పంపుల కంపెనీలో పని. రోగి మంచం పక్కన నిలబడి సిరంజిని గంటల తరబడి కొంచెం కొంచెంగా నొక్కే మిషన్లు. వాటి బోర్డుల మీద ముక్కలు పెట్టి సోల్డరింగ్ చేస్తాను. ముప్పై ఒక్క ఏళ్లయింది. ఊరి బళ్లో ఎనిమిదో తరగతి దాకా చదివాను. చెయ్యి ఇంకా వణకడం లేదు. అందుకే ఉంచుకున్నారు.

ఇవాళ్టికి చాలు.

జనవరి 15

చెల్లెలి కూతురు ఇవాళ కిందికి దిగి వచ్చింది. అదీ మా కంపెనీలోనే. అది మేడ మీద కంప్యూటర్ల దగ్గర, నేను కింద బల్ల దగ్గర. ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే బస్సులో వస్తాం, గేటు దాటాక సాయంత్రం దాకా మొహాలు చూసుకోం.

"మావయ్యా, నీతో పని పడింది," అంటూ స్టూలు లాక్కుని కూర్చుంది. "కొత్త పంపులో కెర్నెల్ అనే ప్రోగ్రాం ఉంటుంది. లోపల అందరి మీదా పెత్తనం దానిదే. కానీ పుట్టుగుడ్డి. మోటారు ఎక్కడుందో, బజరు ఎక్కడుందో దానంతటదానికి తెలీదు. ముందే అన్నీ కాయితం మీద రాసి దాని చేతిలో పెట్టాలి."

"గుడ్డిదైతే కాయితం ఎలా చదువుతుంది?" అన్నాను.

పగలబడి నవ్వింది. పక్క బల్ల దగ్గర ప్యాకింగ్ చేసే రేడియో కూడా నవ్వాడు. వాడి నోరు మూతపడదని వాడికా పేరు. "తాత నోరు తెరిస్తే ఇలాగే ఉంటుంది, అందుకే నెలకొక్కసారి తెరుస్తాడు," అన్నాడు.

ఇవాళ దానికి కావలసింది టైమర్ సంగతి. నేను బిగించే చిన్న నల్ల ముక్క. దాని గురించి కెర్నెల్‌కి నాలుగు మాటలు రాసివ్వాలట. ఒకటి దాని పేరు. రెండు, అది ఏ ఇంటి నంబర్లో ఉంటుందో. మూడు, టైమయ్యాక ఎవరి తలుపు కొడుతుందో. నాలుగు, సెకనుకి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో. మొదటి మూడూ ఆ ముక్కతో వచ్చిన పుస్తకంలో ఉన్నాయట. నాలుగోది నేను పక్కన పెట్టే క్రిస్టల్ని బట్టి ఉంటుంది, అదే ఆ టిక్కుటిక్కులు కొట్టే చిన్న రేకు ముక్క.

"పదహారు," అన్నాను. అంటే సెకనుకి కోటీ అరవై లక్షలు. మా బల్ల దగ్గర అంత పొడుగు అంకె ఎవరూ అనరు.

"డ్రాయింగులో 'స్టాకులో ఉన్నది' అని ఉందేంటి మరి?"

"పాత రాత అది. పదహారే."

రాసుకుంది. 

"తప్పు చెప్తే ఏమవుతుంది?" అన్నాను, ఊరికే.

"నమ్మేస్తుంది. కోటీ అరవై లక్షలు లెక్కపెట్టుకుని, ఇదిగో ఒక సెకను అయింది అంటుంది. బయట గోడ గడియారం చూసే అలవాటు దానికి లేదు."

పాపం అనుకున్నాను.

జనవరి 23

టెస్టు పంపు మీద నీళ్లు పెట్టి నడిపాం. అమ్మాయి స్టాప్‌వాచ్ పట్టుకుంది. గంట పట్టాల్సింది గంటే పట్టింది. సెకను అటూ ఇటూ పోలేదు. ఎగిరి గంతేసింది. కంపెనీ నడిపే సారు కిందికొచ్చి దాని వీపు తట్టారు. ఇక ప్రతి పంపునీ స్టాప్‌వాచ్‌తో చూడక్కర్లేదు పెద్దాయనా, ఇప్పుడు కంప్యూటరే చూసుకుంటుంది అన్నారు.

ఇంటికెళ్లాక చెల్లెలు, "మీ ఇద్దరి మొహాలూ పెళ్లివారి మొహాల్లా ఉన్నాయేం?" అంది.

ఫిబ్రవరి 6

అరవై బోర్డులు అయ్యాయి. పదహారు నంబరు క్రిస్టళ్లు అయిపోయాయి. స్టోరు ఆయన మూడు వారాలు పడుతుందన్నాడు. సారుకి ఇరవయ్యో తారీఖుకల్లా వంద కావాలి. అరలో ఇరవై నంబరు క్రిస్టళ్ల డబ్బా ఉంది, సీలు కూడా తియ్యనిది.

ఆ ఇరవైవి వేశాను. పాత పంపుల్లో ఎన్నిసార్లు వేయలేదు. ఏది ఉంటే అది వేసి, వెనకున్న స్క్రూ తిప్పి, స్టాప్‌వాచ్‌తో కలిసేదాకా సరిచేసేవాళ్లం. డ్రాయింగులో రాసిందీ అదే, స్టాకులో ఉన్నది.

కొత్త పంపుకి స్క్రూ లేదు. లోపల కంప్యూటర్ ఉంది కదా. అదే చూసుకుంటుంది.

ఫిబ్రవరి 8

మిగతా నలభై కూడా అయ్యాయి. అన్నీ ఒకే ట్రేలలో సర్దారు. రేడియో నీళ్లు కారుతున్నాయో లేదో చూసి డబ్బాల్లో పెడుతున్నాడు.

ఫిబ్రవరి 20

వందా వెళ్లిపోయాయి. అందరికీ టీ ఇచ్చారు.

మార్చి 3

ఒక పంపు వెనక్కి వచ్చింది. చీటీ మీద నర్సు రాసింది. సిరంజి చెప్పిన టైముకంటే ముందే ఖాళీ అవుతోంది, చూడగలరు.

నీళ్లు పెట్టి నడిపాను. గంట పెట్టాను. పాత అలవాటు కొద్దీ జేబులోంచి స్టాప్‌వాచ్ తీశాను. నలభై ఎనిమిది నిమిషాలకి బజరు కొట్టింది. మళ్లీ పెట్టాను. నలభై ఎనిమిది.

వెనక మూత విప్పి భూతద్దంతో చూశాను. రేకు మీద 20 అని ఉంది.

అప్పుడు బుర్రకెక్కింది. కెర్నెల్‌కి కళ్లు లేవని అమ్మాయి చెప్పింది. పదహారని రాసిచ్చాం. ఈ క్రిస్టల్ ఇరవై కొడుతోంది. అది పదహారు లెక్కపెట్టి సెకను అయిపోయిందంటోంది. 

నలభై ఉన్నాయి ఇలాంటివి.

మేడ మెట్ల దాకా వెళ్లాను. పైన పదిమంది ఉన్నారు. అమ్మాయి ఏదో చెప్తుంటే సారు నవ్వుతున్నారు. అంతమంది మధ్యలో నేను వెళ్లి ఏమని మొదలుపెట్టాలి? కిందికి వచ్చేశాను.

పదహారు నంబరు క్రిస్టళ్లు ఇంకా రాలేదు. టెస్టు పంపులో ఒకటుంది. అది తీసి ఈ పంపులో వేశాను. దీనిది అందులో వేశాను. టెస్టు పంపుతో ఇప్పుడెవరికీ పనిలేదు. చీటీ వెనక 'శుభ్రం చేయబడింది' అని రాశాను.

గంట పెట్టి చూశాను. గంటే పట్టింది. బాగుపడింది.

మార్చి 5

పంపు వెళ్లిపోయింది. తేడా ఉన్నవి ఎలాగూ వెనక్కి వస్తాయి. వచ్చినవి వచ్చినట్టు మార్చేస్తే చాలు. ఎవరికీ ఇబ్బంది ఉండదు. అమ్మాయి మీదికి మాట రాదు.

మార్చి 9

చెల్లెలు అడిగింది, అన్నంలో చెయ్యి పెట్టి అలా కూర్చున్నావేం, పంటి నొప్పా అని. అవునన్నాను. లవంగ నూనె పెట్టింది.

మార్చి 11

ఇంకొకటి వచ్చింది. అదే చీటీ, వేరే ఆసుపత్రి. క్రిస్టళ్లు రాలేదు. అర మీద పెట్టాను, 'సామాను రావాలి' అని అట్ట ముక్క తగిలించి. ఇది ఇక్కడున్నంతసేపూ ఎవరికీ హాని లేదు కదా.

వచ్చినవి వచ్చినట్టు మార్చేస్తే చాలు.

మార్చి 14

స్టోరు ఆయన్ని అడిగాను. వచ్చే వారం అన్నాడు. "ఎందుకంత తొందర తాతా, బోర్డులన్నీ అయిపోయాయిగా?" అన్నాడు. ఊరికే అన్నాను.

మార్చి 15

ఒక మనిషి పోయాడు.

మార్చి 16

నిన్న రాయలేకపోయాను.

తాపీమేస్త్రి. నలభై లోపు వయసు. పరంజా మీంచి పడి కాలు విరిగితే ఆపరేషన్ చేశారు. నొప్పి తెలియకుండా మందు పెట్టారు, మన పంపుతో. ఐదు గంటల మందు. ఎక్కువ వేగంగా వెళ్తే ఊపిరి మందగించే రకం. నిన్న మధ్యాహ్నం చూసేసరికి లేడు. వార్డులో ముప్పైమందికి ఒక్క నర్సు. ఆవిడ పంపులో పెట్టిన అంకెలు చూస్తే సరిగ్గానే ఉన్నాయి. పంపు నుంచి వచ్చిన కాగితం పట్టీ మీద 300 నిమిషాలు అని అచ్చయింది.

రేడియో ఇదంతా ఒక్క గుక్కలో చెప్పాడు. ఆఖర్న, "మనది కాదులే తాతా, ఆపరేషన్లో ఏదో చేసుంటారు," అన్నాడు.

ఆపరేషన్లో ఏదో చేసుంటారు.

మార్చి 18

ఇన్‌స్పెక్టరు వచ్చారు, మందుల శాఖ ఆయన, ఇంకో ఇద్దరితో. ఆ పంపుని బల్ల మీద పెట్టి గడియారంతో చూశారు. నలభై ఎనిమిది. మూత విప్పారు. ఇరవై. పైనుంచి ఫైలు తెప్పించారు. పదహారు.

సారు అమ్మాయిని కిందికి పిలిచారు. నా బల్ల ముందే జరిగింది ఇదంతా.

"బోర్డు మీద ఇరవై ఉంది. నీ ఫైల్లో పదహారు ఉంది. బోర్డు అబద్ధం చెప్పదు కదమ్మా?" అన్నారు.

"నేను టెస్టు చేశాను సార్. సరిగ్గా వచ్చింది. టెస్టు పంపు చూడండి, అందులో పదహారే ఉంటుంది," అంది. గొంతు గట్టిగానే ఉంది అప్పటికి.

టెస్టు పంపు దించమన్నారు. నన్నే. దించాను. మూత విప్పమన్నారు. నాలుగు స్క్రూలు. విప్పాను.

భూతద్దం అమ్మాయి తీసుకుంది. వంగి చూసింది. చాలాసేపు చూసింది. చిన్న అంకెలే, అంతసేపు పట్టదు.

"ఇరవై," అంది.

అర మీదున్న రెండో పంపు కూడా దించి చూశారు. అదీ ఇరవయ్యే. మూడింటికి మూడు. ఇక మిగతావి ఎందుకు అన్నారు.

ఈ పదహారు నీకెవరు చెప్పారమ్మా అని ఇన్‌స్పెక్టరు అడిగారు. అమ్మాయి నా వైపు చూడలేదు. "నేనే రాశానండి. డ్రాయింగులో స్పష్టంగా లేదు. కొలిచి రాయాల్సింది," అంది.

నేను నాలుగు స్క్రూలూ మళ్లీ బిగించాను.

మార్చి 19

అమ్మాయిని ఇంట్లో ఉండమన్నారు. 

మార్చి 20

రేపు చెప్తాను.

మార్చి 21

అమ్మాయి అన్నం తినడం లేదు. చెల్లెలు కంచం పట్టుకుని తలుపు దగ్గర నిలబడి అరిచింది. "తప్పు చేస్తే చేశావు, చచ్చిపోతావా ఏంటి?" అని, అన్నాక నాలిక కరుచుకుంది. నా దగ్గరికొచ్చి, "నువ్వైనా చెప్పు అన్నయ్యా. దానికి నువ్వంటే గురి," అంది.

వెళ్లాను. మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. వేళ్లతో దుప్పటి అంచు మడుస్తోంది, విప్పుతోంది.

"మావయ్యా, ఆ రోజు నువ్వూ ఉన్నావు కదా. గంటే పట్టింది కదా?"

జారిన దుప్పటి దాని కాళ్ల మీదికి లాగాను.

"లేకపోతే నేను అలా అనుకున్నానా? వాచీ సరిగ్గా నొక్కలేదా? సారు వస్తున్నారని కంగారులో చూశాననుకున్నానా? ఇరవై ఉన్నప్పుడు గంట పట్టే వీల్లేదు. లెక్క అలా రాదు. అంటే నేను చూడలేదు. చూడనిది చూశానని సంతకం పెట్టాను. ఒకాయన చచ్చిపోయాడు."

అప్పుడు చెప్పాల్సింది. తలుపు వేసే ఉంది. పదిమంది లేరు. సారు లేరు. అది, నేను.

"పోనీలే తల్లీ," అన్నాను.

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. దాని తల మీద చెయ్యి కూడా వేశాను.

మార్చి 22

సారు దాన్ని మళ్లీ పిలిచారు. ఫైల్లో అంకె మార్చి, ఆసుపత్రుల్లో ఉన్న పంపులన్నిటికీ ఇక్కణ్ణుంచే పంపాలట. తీగా గీగా లేకుండానే వెళ్లిపోతుందట. సోమవారం పొద్దున్న.

"నా చేత్తోనే దిద్దమన్నారు. అదొక్కటీ చేసి మానేస్తాను," అని వాళ్లమ్మతో చెప్తోంది. ఇవాళ కొంచెం తింది. వంద మంచాల వాళ్లు బాగుంటారు కదా అంది.

స్నానం చేస్తుంటే తట్టింది నాకు. చెంబు చేతిలోనే ఉండిపోయింది.

వందకీ ఇరవై అని చెప్తారు. అరవై పంపుల్లో, నేను మార్చినదాంట్లో కూడా, పదహారు ఉంది. అవి పదహారు కొడుతుంటే కెర్నెల్ ఇరవై అయ్యేదాకా ఆగి సెకను అంటుంది. గంట మందు గంటంబావుకి వెళ్తుంది. గుండెకి పెట్టే మందులున్నాయి. రక్తపోటు పడిపోకుండా పెట్టేవి ఉన్నాయి. తక్కువైతే మనిషి ఆగడు.

ఇప్పటిదాకా బాగున్నవి పాడవుతాయి. మిగతావి బాగవుతాయి. రెండు రకాలున్నాయని ఈ భూమ్మీద తెలిసింది నాకొక్కడికే.

మార్చి 23

ఆదివారం. మూడుసార్లు దాని గది దాకా వెళ్లాను. మొదటిసారి నిద్రపోతోంది. రెండోసారి వాళ్లమ్మ జడ వేస్తోంది. మూడోసారి ఒక్కతే ఉంది. "ఏం మావయ్యా?" అంది. కత్తెర ఉందా అని అడిగాను.

కత్తెర తెచ్చుకున్నాను. దేనికీ వాడలేదు.

సారుకి చెప్తే నయం. పెద్దవాళ్లకి చెప్పడమే పద్ధతి. రేపు తొమ్మిదింటికే వెళ్తాను.

మార్చి 24

తొమ్మిదింటికే వెళ్లాను. సారు గది బయట బెంచీ ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఎవరో ఉన్నారు, మాటలు వినిపిస్తున్నాయి. వాళ్లు వచ్చాక వెళ్దామని కూర్చున్నాను.

తొమ్మిదిన్నరకి వాళ్లు వెళ్లారు. లేచాను. ఫోను మోగింది లోపల. ఫోను అయ్యాక వెళ్దామని కూర్చున్నాను.

పదిన్నరకి రేడియో మెట్లు దిగుతూ కనబడ్డాడు. "అయిపోయింది తాతా, పంపేశారు. పదింటికే. ఒక్క మీట నొక్కింది మీ అమ్మాయి, వంద పంపులూ సరి," అన్నాడు.

గంటన్నర ఆ తలుపు ముందు కూర్చున్నాను. గొళ్లెం కూడా లేదు ఆ తలుపుకి.

మేడ మీదికి వెళ్లాను. అందరూ ఉన్నారు. ఉంటే ఉన్నారు. అమ్మాయి సంచీ సర్దుకుంటోంది.

"రెండు రకాలున్నాయి," అన్నాను.

"ఏవి?"

"పంపులు. అరవై పదహారువి. నలభై ఇరవైవి. క్రిస్టళ్లు అయిపోతే నేనే వేశాను."

దానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. "ఏ నంబర్లు?"

"కలిసిపోయాయి. తెలీదు."

"టెస్టు పంపు?"

"అందులో పదహారే ఉండేది. వెనక్కి వచ్చిన దానికి వేద్దామని తీశాను. నువ్వు చూసింది నిజమే."

నన్నే చూసింది. నా జన్మలో ఎవరూ నన్ను అలా చూడలేదు. తర్వాత ఫోను అందుకుంది. ఆసుపత్రుల జాబితా ముందేసుకుని ఒక్కొక్కరికీ చేసింది. "పంపు ఆపేయండి. ఏ పంపయినా సరే, ఆపేయండి. చేత్తో పెట్టుకోండి. కారణం తర్వాత చెప్తాను, ముందు ఆపండి." సారు వచ్చి ఎవరినడిగి చేస్తున్నావు అన్నారు. అది తల ఎత్తలేదు.

ఆఖరి ఆసుపత్రి వాళ్లు పంపు ఆపేసరికి ఒంటిగంటయింది. అంటే మూడు గంటలు.

ఒకావిడకి రక్తపోటు పడిపోయిందట. వెంటనే చూసుకున్నారట, బతికింది. ఇంకో ఊళ్లో ఒకాయనకి బాగాలేదన్నారు. ఎంత బాగాలేదో ఫోనులో చెప్పలేదు. నేను అడగలేదు.

మార్చి 25

సారు తలుపు వేసి మాట్లాడారు. "పెద్దాయనా, ఏమనుకుని ఇప్పుడు చెప్పారు? ఫైల్లో తప్పని రిపోర్టు వెళ్లిపోయింది. ఒకళ్ల పేరు మీద వెళ్లింది. అది అలా ఉంటే ఒక్క ఉద్యోగం పోతుంది. మీరిది బయటపెడితే కంపెనీ మూతపడుతుంది. నూట పది కుటుంబాలు. మీరు మాటకారి కాదు, మీకది మంచిదే. అలాగే ఉండండి."

ఆయన కోపంగా అనలేదు. బతిమాలినట్టే అన్నారు. తల ఊపాను. అలవాటు.

ఇంటికొచ్చాక చెల్లెలు కంచం పెట్టింది. ఒక్క మాట లేదు. గిన్నెల చప్పుడే. వడ్డించి లోపలికి వెళ్లిపోయింది. ఇన్నేళ్లలో దానికి మాట రాకపోవడం ఇదే మొదలు.

అమ్మాయి తలుపు దగ్గర నిలబడింది. 

"నేను పిచ్చిదాన్నయ్యానేమో అనుకున్నాను. వారం రోజులు. అది తెలిసి కూడా పోనీలే అన్నారు మీరు."

మీరు అంది. పుట్టిన దగ్గర్నుంచి నువ్వే.

మార్చి 26

ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి ఒక్కణ్నే వెళ్లాను. రెండు బస్సులు మారాలి. తలుపు కొట్టాను. లోపల ఎవరో ఉన్నారు. ఉన్నా కొట్టాను.

చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. కిందన సంతకం పెట్టాను. టెస్టు పంపు సంగతి రెండుసార్లు అడిగారు, ఎందుకు మార్చారని. వెనక్కి వచ్చినదాన్ని బాగుచెయ్యాలని అన్నాను. "బాగుచెయ్యాలనా, దాచెయ్యాలనా?" అన్నారు.

రెండూ అన్నాను.

మార్చి 31

ఇన్‌స్పెక్టరు ఉత్తరువు ఇచ్చారు. ప్రతి పంపునీ విప్పి చూడాలి. విప్పడానికి నేను, కొలవడానికి అమ్మాయి. ఫలానా నంబరు పంపులో ఫలానా క్రిస్టల్ అని పట్టిక రాసి, రెండు రకాలకీ రెండు వివరాలు కెర్నెల్‌కి ఇస్తారట. ఇన్‌స్పెక్టరు మనిషి ఒకాయన మా వెంట ఉంటాడు.

ఇవాళ పదకొండు విప్పాం. వ్యానులో అది ముందు కూర్చుంది, నేను వెనక డబ్బాల మధ్య.

ఏప్రిల్ 4

నలభై రెండు అయ్యాయి. భూతద్దంలో చూసి "పదహారు" అంటాను. వినపడనట్టే ఉంటుంది. మీటరు ముళ్లు ఆనించి, తెర మీద అంకె వచ్చేదాకా ఆగి, అప్పుడు రాసుకుంటుంది. ప్రతిసారీ. నేను చెప్పడం మానేశాను.

ఇవాళ ఒక నర్సు ఎదురొచ్చింది. పెద్దావిడ, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. రక్తపోటు పడిపోయినావిడ ఈమె వార్డే. "వచ్చారా మహానుభావులు! మందు పోవాల్సినంత పోవడం లేదని నా చేతి గడియారం చెప్పింది, మీ మిషన్ మాత్రం అంతా బ్రహ్మాండం అని పట్టీ అచ్చేసింది. మీ మిషన్‌కి సిగ్గుండదా?" అంది.

"దానికేం తెలీదండి. మేం చెప్పిందే చెప్పింది," అన్నాను.

"అయితే మీకు లేదన్నమాట," అంది.

అమ్మాయి తల తిప్పుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు కనబడలేదు.

ఏప్రిల్ 9

తొంభై ఎనిమిది. ఇంకా రెండు.

క్రిస్టళ్లు వచ్చాయి, స్టోరు ఆయన డబ్బా నా బల్ల మీద పెట్టి వెళ్లాడట. నాకిప్పుడు ఆ బల్ల లేదు. ఇంకొకాయన్ని పెట్టారు.

ఏప్రిల్ 11

ఇన్‌స్పెక్టరు మళ్లీ పిలిపించారు. కేసు కోర్టుకి వెళ్తుందని, పిలిచినప్పుడు రావాలని చెప్పారు. మేస్త్రి భార్యని కూడా ఇవాళే పిలిచారు, వాంగ్మూలానికి. వసారాలో ఒకే బెంచీ ఉంది. ఆ చివర ఆవిడ, ఈ చివర నేను. చిన్న మనిషి. చేతి గోళ్లలో ఇంకా సున్నం ఉంది, ఆవిడా పనికి వెళ్తుందేమో.

నేనెవరో ఆవిడకి తెలీదు. తనే మాట కలిపింది. ఎవరో ఒకరికి చెప్పుకోవాలన్నట్టు.

"ఐదు గంటల మందమ్మా, రెండింటిదాకా లేవడు, ఇంటికెళ్లి రా అన్నారు. తొమ్మిదింటికి బయల్దేరాను. పిల్లకి అన్నం పెట్టి, నాలుగు బట్టలు సర్దుకుని వచ్చేశాను. వచ్చేసరికి అంతా అయిపోయింది. పట్టీ మీద ఐదు గంటలూ అయినట్టు ఉందంట. ఐదు గంటలు ఎక్కడ తిరిగావే, దగ్గరుంటే పిలిచేదానివి కదా అని మా అత్త రోజూ అంటుంది. నేను తొందరగానే వచ్చాననుకున్నాను పెద్దయ్యా. చేతికి గడియారం లేదు. మరి ఎక్కడ ఆలస్యం చేశానో ఎంత ఆలోచించినా తెలీడం లేదు. సందు చివర ఒకామె పలకరిస్తే నిలబడ్డాను. అదేనేమో. కానీ రెండు మాటలే మాట్లాడాను."

బెంచీ మీద ఆవిడ వైపు తిరిగాను. చెప్పాను.

"మీరు ఆలస్యం చెయ్యలేదమ్మా. పట్టీ తప్పు. మిషన్ ఐదు గంటలని అచ్చేసింది, నిజానికి అయింది నాలుగే. ఆయన ఒంటిగంటకే పోయారు. రెండింటికి రమ్మన్నారు, మీరు ముందే వచ్చారు."

నా వైపు తిరిగింది. "ముందే వచ్చానా?"

"ముందే వచ్చారు."

ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. మా అత్తకి కూడా చెప్తారా అంది. చెప్తానన్నాను. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. 

తర్వాత కళ్లు తుడుచుకుని, "మిషన్ సంగతి ఇంత బాగా మీకెలా తెలుసు?" అంది.

"నేనే బిగించాను."

లోపల ఎవరో టైపు చేస్తున్నారు. 

"తప్పుగా నడుస్తోందని మీకు ఎప్పుడు తెలిసింది?" అంది.

"మార్చి మూడో తారీఖు."

వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. ఒక చెయ్యి అయిపోయింది, రెండో చెయ్యి మొదలుపెట్టి మధ్యలో ఆగింది.

"అప్పటికింకా ఆయన కాలు విరగలేదు," అంది.